పని ఒత్తిడి: మనిషి లోపం కాదు, సంఘం బాధ్యత

(భిలాయి ఉక్కు నగరంలో తెలుగు కార్మికులు, వారి కుటుంబాల సమావేశంలో మా సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



వేతన ఒప్పందం గురించో, బోనస్ గురించో, కాంట్రాక్టు కార్మికుల బకాయిల గురించో మాట్లాడటానికి సంఘం సభ పిలిస్తే సభ నిండుతుంది. ఈనాటి విషయం "మానసిక ఒత్తిడి" అని ప్రకటించినప్పుడు కొందరు మిత్రులు మమ్మల్ని సూటిగానే అడిగారు: ఇది డాక్టర్లు చెప్పవలసిన మాట కదా, సంఘానికి ఇందులో పని ఏమున్నది? ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం చెప్పుకోవడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మా సమాధానాన్ని ముందే క్లుప్తంగా చెబుతున్నాము. ఒత్తిడి కనిపించేది మనిషిలో. కాని చాలా సందర్భాలలో అది పుట్టేది పని ఏర్పాటులో. పుట్టిన చోట దానిని సరిదిద్దకుండా, కనిపించిన చోట మాత్రమే మందు రాస్తే అది నయం కాదు. పని ఏర్పాటును ఒక కార్మికుడు ఒంటరిగా మార్చలేడు. కనుక అది సంఘం పని.

ఉక్కు నేర్పే పాఠం

"ఒత్తిడి" అనే మాట ముందుగా మన వృత్తికి చెందినది. వైద్యులు దానిని తరువాత తీసుకున్నారు. ప్రయోగశాలలో ఉక్కు కడ్డీని యంత్రానికి బిగించి లాగడం మీలో చాలామంది చూసే ఉంటారు. కొంత వరకు లాగి వదిలితే కడ్డీ మళ్ళీ యథాస్థితికి వస్తుంది. ఒక హద్దు దాటి లాగితే సాగినది సాగినట్లే ఉండిపోతుంది. ఇంకా లాగితే తెగిపోతుంది. హద్దు లేని ఉక్కు ప్రపంచంలో ఏ కొలిమిలోనూ పుట్టలేదు.

దీనికన్న ముఖ్యమైన పాఠం మరొకటి ఉన్నది. 19వ శతాబ్దం మధ్యలో జర్మనీలో రైలు బండ్ల ఇరుసులు తరచు విరిగిపోతుండేవి. ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు వాటిని ఏళ్ళ తరబడి పరీక్షించాడు. ఇరుసుపై పడే బరువు దానిని ఒక్కసారిగా విరిచేటంతటిది కాదు. అంతకన్న తక్కువ బరువే. కాని అదే బరువు లక్షల సార్లు మళ్ళీ మళ్ళీ పడినందున, లోపల కంటికి కనపడని చీలిక మొదలై, ఒకనాడు ఇరుసు విరిగిపోతుంది. లోహశాస్త్రంలో దీనికి పెట్టిన పేరు "అలసట". దేశానికి రైలు పట్టాలు అందించే ఈ ఊరివారికి ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు. పట్టా కర్మాగారం దాటే ముందు లోపలి చీలిక కోసం దానిని పరీక్షిస్తారు. ఆ పట్టాను తయారు చేసిన మనిషి లోపలి చీలికను ఎవరు పరీక్షిస్తున్నారన్నదే మన ముందున్న ప్రశ్న.

ఉక్కుకూ మనిషికీ ఒక తేడా మాత్రం ఉన్నది. ఉక్కుకు ఎంత విశ్రాంతి ఇచ్చినా పడిన చీలిక పూడదు. మనిషికి సకాలంలో విశ్రాంతి, ఆదరణ దొరికితే కోలుకుంటాడు. మన ఆశ అంతా ఈ తేడా మీదనే ఆధారపడి ఉన్నది.

శరీరంలో జరిగేది ఏమిటి

ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం యుద్ధానికైనా, పరుగుకైనా సిద్ధమవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. ఇది ప్రకృతి ఇచ్చిన రక్షణ. క్రేన్ కింద నుండి ఒక్క ఉదుటున తప్పుకోగలుగుతున్నామంటే దాని చలవే. ప్రమాదం గడిచిన తరువాత శరీరం మళ్ళీ శాంతించాలి. శాంతించే అవకాశం లేకపోవడమే వ్యాధికి మూలం.

1936లో మాంట్రియల్‌లో పనిచేస్తున్న హాన్స్ సెల్యే అనే వైద్య శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని వివరించాడు. ఆయన చెప్పిన దశలు మూడు: మొదట హెచ్చరిక, తరువాత ప్రతిఘటన, చివరకు నిస్త్రాణ. రెండవ దశలో ఉన్న మనిషి పైకి బాగానే కనిపిస్తాడు. డ్యూటీకి వస్తాడు, ఉత్పత్తి ఇస్తాడు. "వాడికేమి, రాయిలాంటి మనిషి" అని మనమే అంటాము. లోపల మాత్రం నిల్వ తరిగిపోతూనే ఉంటుంది. చితి చచ్చినవానిని కాలిస్తే చింత బతికినవానిని కాలుస్తుందని మన పెద్దలు ఊరకే అనలేదు.

గుర్తులు అందరికీ తెలిసినవే. పడుకుంటే నిద్ర పట్టదు. పట్టినా తెల్లవారక ముందే మెలకువ వస్తుంది. తలనొప్పి, మెడనొప్పి, కడుపులో మంట. చిన్న మాటకు కోపం. పనిలో మరుపు. ఇంట్లో పిల్లలు పలకరిస్తే విసుగు. పండుగ వచ్చినా ఉత్సాహం లేకపోవడం. వీటిలో ఏదో ఒకటి రెండు రోజులుంటే అది జీవితంలో మామూలే. నాలుగైదు కలిసి వారాల తరబడి ఉంటే ఉపేక్షించరాదు.

అధికారికి ఎక్కువా, కార్మికుడికి ఎక్కువా?

పెద్ద పదవిలో ఉన్నవారికే ఒత్తిడి ఎక్కువ, చేతిపని చేసేవానికి చీకూ చింతా ఉండవు అని ఒక అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. శాస్త్రం దీనిని అంగీకరించలేదు. 1967లో బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగులపై ఒక పెద్ద పరిశోధన మొదలైనది. దాని ఫలితాలను మైకేల్ మార్మాట్, ఆయన సహచరులు 1978లో ప్రకటించారు. అట్టడుగు శ్రేణి ఉద్యోగులలో గుండె జబ్బు మరణాలు పై శ్రేణి అధికారులలో కన్న మూడు రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. పొగతాగడం, రక్తపోటు వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ తేడా పూర్తిగా తొలగిపోలేదు.

ఎందువల్ల? 1979లో రాబర్ట్ కరసెక్ అనే శాస్త్రజ్ఞుడు స్వీడన్, అమెరికా దేశాల కార్మికుల వివరాలు పరిశీలించి ఒక సూత్రం ప్రతిపాదించాడు. పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయదు. భారం ఎక్కువై, ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువైనప్పుడు ఒత్తిడి తీవ్రమవుతుంది. తరువాత వచ్చిన పరిశోధకులు దీనికి మూడవ అంశాన్ని చేర్చారు: తోటివారి అండ. భారం ఎక్కువ, స్వేచ్ఛ తక్కువ, అండ లేదు – ఈ మూడూ కలిసిన చోట మనిషి త్వరగా దెబ్బతింటాడు.

మిత్రులారా, ఈ మూడు మాటలనూ సంఘం భాషలోకి మార్చి చూడండి. భారం తగ్గించమని కోరడం, నిర్ణయాలలో కార్మికునికి చోటు కోరడం, ఒంటరివానికి అండగా నిలవడం. కార్మిక సంఘాలు పుట్టినది ఈ మూడింటి కోసమే కదా! ఒత్తిడి అనే పేరు పెట్టకుండానే మన ముందు తరం వారు దానితో పోరాడారు. ఎనిమిది గంటల పని దినం కోసం 1886లో చికాగో కార్మికులు రక్తం చిందించినదీ, 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందాన్ని పని గంటల మీదనే చేసినదీ ఇందుకే.

మన ఊరి సంగతి

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు ఇక్కడ కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజులలో శ్రీకాకుళం నుండీ, విజయనగరం ప్రాంతం నుండీ రైలెక్కి వచ్చిన మన తాతలు, తండ్రులు ఈ మట్టిలో స్థిరపడ్డారు. సెక్టర్లలోని క్వార్టర్లలోనూ, ఖుర్సీపార్ వంటి బస్తీలలోనూ మూడు తరాలుగా తెలుగు మాట వినిపిస్తున్నది.

ఉక్కు కర్మాగారంలో ఒత్తిడికి కారణాలు వెతకనక్కర లేదు. ద్రవ ఇనుము ముందు నిలబడి చేసే పనిలో వేడి, రోలింగ్ మిల్లులో మోత, కోక్ ఒవెన్ల వద్ద పొగ, దుమ్ము. వీటికి తోడు గ్యాస్ భయం. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. 2014 జూన్ 12న ఇక్కడి పంపు హౌస్‌లోకి గ్యాస్ చొరబడి ఆరుగురు మరణించారు. వారిలో ఉన్నతాధికారులు కూడా ఉన్నారు. గ్యాస్ హోదా చూడలేదు. 2018 అక్టోబరు 9న కోక్ ఒవెన్ గ్యాస్ పైపులైను వద్ద మరమ్మతు సమయంలో మంటలు చెలరేగి పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి దుర్ఘటన తరువాత పత్రికలలో లెక్కకు వచ్చేది మృతులు, క్షతగాత్రులు మాత్రమే. మరునాడు అదే చోటికి డ్యూటీకి వెళ్ళవలసిన తోటి కార్మికుని గుండె దడ ఏ లెక్కలోకీ రాదు. సైకిల్ చప్పుడు వినపడే దాకా నిద్రపోని ఇల్లాలి భయం కూడా ఏ లెక్కలోకీ రాదు.

రెండవది రాత్రి షిఫ్టు. కొలిమి ఆరదు కనుక పని ఆగదు. ఇది ఉక్కు పరిశ్రమ స్వభావం. కాని మనిషి శరీరం పగలు మేల్కొని రాత్రి నిద్రించేటట్లు ఏర్పడినది. వారం వారం షిఫ్టు మారితే లోపలి గడియారం ఎప్పుడూ సరిగా నిలవదు. రాత్రి షిఫ్టు పని క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2007లో వర్గీకరించి, 2019లో ఆ మాటను మళ్ళీ ధ్రువపరచినది.

మూడవది మనుషుల సంఖ్య. స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియాలో ఒకప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్న సొంత ఉద్యోగుల సంఖ్య 2024 నాటికి 60 వేల దిగువకు వచ్చింది. ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. కొత్త యంత్రాలు కొంత పని తీసుకున్న మాట నిజమే. కాని ముగ్గురు ఉన్న చోట ఇద్దరు మిగిలితే మూడవవాని పనిలో యంత్రం చేయలేనిదంతా ఆ ఇద్దరి మీద పడుతుంది. ఒకరు సెలవు పెడితే మరొకరికి డబుల్ డ్యూటీ తప్పదు. సెలవు అడగడమే నేరంలా అనిపించే పరిస్థితి ఏర్పడుతుంది.

నాలుగవది అభద్రత. దేశమంతటా ఉక్కు పరిశ్రమలో పనిభారంలో పెద్ద భాగం నేడు కాంట్రాక్టు కార్మికుల మీదనే ఉన్నది. అదే షెడ్డు, అదే వేడి, అదే ప్రమాదం. జీతం వేరు, క్యాంటీన్ వేరు, గేట్ పాస్ వేరు. కాంట్రాక్టు గడువు ముగిసే నెల వచ్చిందంటే ఇంటి అద్దె, పిల్లల ఫీజు, కిరాణా కొట్టు ఖాతా అన్నీ ఒకేసారి గుర్తుకు వస్తాయి. పర్మనెంటు ఉద్యోగికి కూడా అభద్రత వేరే రూపంలో వస్తుంది. 2021 జనవరిలో విశాఖ ఉక్కు నుండి ప్రభుత్వ వాటా అమ్మకానికి కేంద్రం నిర్ణయం తీసుకున్నప్పటి నుండి అక్కడి మన సోదరులు అనుభవించిన ఆందోళన అందరికీ తెలిసినదే. రేపు ఏమవుతుందో తెలియకపోవడం కష్టమైన పని కన్న బరువైనది.

ఇంటి గడప లోపల

కర్మాగారం గేటు వద్ద ఒత్తిడిని దించి ఇంటికి వెళ్ళే మనిషి లేడు. రాత్రి పని చేసి వచ్చినవాడు పగలు నిద్రపోవాలి. రెండు గదుల ఇంట్లో పిల్లల చదువు, కుక్కర్ కూత, పక్కింటి టీవీ. నిద్ర లేని తండ్రి కసిరితే పిల్లలు భయపడతారు. భార్య మాట పెంచితే గొడవ, పెంచకపోతే ఆమె గుండెలోనే కుంపటి. ఇంటిలో స్త్రీ కూడా ఉద్యోగం చేస్తుంటే ఆమెకు రెండు షిఫ్టులు: ఒకటి బయట, ఒకటి వంటింట్లో. రెండవ దానికి జీతం లేదు, వారాంతపు సెలవూ లేదు.

ఇవి కాక ఈ ఊరికి ప్రత్యేకమైన చింతలు కొన్ని ఉన్నవి. ఉద్యోగ విరమణ దగ్గర పడితే క్వార్టరు విడవాలి. నలభై ఏళ్ళుగా ఇక్కడ ఉన్నవానికి సొంత ఊరిలో పలకరించేవారు తక్కువ. ఇక్కడ ఉండటానికి ఇల్లు కట్టుకోలేదు. తండ్రి ఉద్యోగం కొడుకుకు వస్తుందన్న ఆశ లేదు. చదువుకున్న పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్ళిపోయారు. కూతురి పెళ్ళికి చేసిన అప్పుకు వడ్డీ జీతం రోజునే తలుపు తడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్లు ఈ స్థితిలో ఒక ఛార్జ్‌షీటు గాని, ఒక జబ్బు గాని వస్తే మనిషి కుప్పకూలుతాడు.

అప్పుడు చాలామందికి దగ్గరగా, చౌకగా కనిపించేది సారా దుకాణం. మత్తు నిద్ర ఇస్తుందనుకోవడం భ్రమ. అది తొందరగా కళ్ళు మూయిస్తుంది, నడిరాత్రి మెలకువ తెప్పిస్తుంది, మరునాడు చేయి వణికిస్తుంది. ఒత్తిడిని తీసివేయదు, వాయిదా వేసి వడ్డీతో సహా తిరిగి ఇస్తుంది.

దల్లీ రాజహరా చూపిన దారి

ఈ చోట మనకు దగ్గరలోనే ఉన్న ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. భిలాయికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, ఈ కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో 1977లో కాంట్రాక్టు గని కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వాన సంఘం పెట్టుకున్నారు. ఆయన రాజకీయాలతో మన సమాఖ్యకు అన్నింటా ఏకీభావం లేకపోవచ్చు. కాని వారు చేసిన ఒక పని ప్రతి కార్మిక సంఘమూ అధ్యయనం చేయదగినది.

పోరాటాల ఫలితంగా కూలి పెరిగింది. పెరిగిన కూలి సారా దుకాణానికి పోతున్నదని ఆ సంఘం గమనించింది. "తాగడం వ్యక్తిగత విషయం" అని ఊరుకోలేదు. తాగుడును సంఘం సమస్యగా స్వీకరించి, ఇంటింటి స్త్రీలను కలుపుకొని మద్యవ్యతిరేక ఉద్యమం నడిపింది. 1977 జూన్‌లో జరిగిన పోలీసు కాల్పులలో అక్కడ 11 మంది మరణించారు. ఆ అమరుల పేర 1983 జూన్ 3న కార్మికులు తమ శ్రమతో, తమ విరాళాలతో షహీద్ ఆసుపత్రిని స్థాపించుకున్నారు. పోరాటం, నిర్మాణం రెండూ కలిసి సాగాలన్నది వారి నినాదం. 1991 సెప్టెంబరు 28న నియోగి ఈ భిలాయిలోనే నిద్రలో ఉండగా హత్యకు గురైనారు. ఆసుపత్రి మాత్రం నిలిచింది.

దీని నుండి మనం గ్రహించవలసినది ఏమిటి? తాగుబోతు అని ఒక మనిషిని వేలెత్తి చూపినంత కాలం అతడు దాక్కుంటాడు. ఇది మనందరి సమస్య అని సంఘం అన్న రోజున అతడు తలెత్తి సాయం అడుగుతాడు. ఒత్తిడి విషయంలోనూ ఇదే సూత్రం.

ఎవరికి వారు చేసుకోగలిగినవి

పని ఏర్పాటు మారాలని మేము నొక్కి చెబుతున్నంత మాత్రాన, అది మారే దాకా చేతులు ముడుచుకొని కూర్చోమని కాదు. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నవి.

నిద్రను ఆస్తిలాగా కాపాడుకోవాలి. రోజుకు ఏడు గంటలైనా ఉండాలి. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తరువాత కిటికీలకు ముదురు రంగు తెర వేసి, ఫోను మరో గదిలో పెట్టి పడుకోవాలి. షిఫ్టు రెండవ సగంలో టీ మానితే ఇంటికి వెళ్ళిన తరువాత నిద్ర పడుతుంది. రాత్రి పూట తేలికైన భోజనం చేయాలి. పగటి నిద్ర ఆ ఇంటి నియమం కావాలి. పిల్లలకు చెబితే అర్థం చేసుకుంటారు.

శరీరాన్ని కదిలించాలి. కొలిమి దగ్గర చేసే శ్రమ వేరు, చెట్ల కింద అరగంట నడక వేరు. ఈ నగరంలో చెట్లకు కొదవ లేదు. కోపం వచ్చినప్పుడు, దడ వచ్చినప్పుడు ఊపిరిని నెమ్మదిగా తీసి, అంతకన్న నెమ్మదిగా వదలడం అయిదు నిమిషాలు చేసి చూడండి. గుండె వేగం తగ్గుతుంది. యోగాసనాలు, భజన, హరికథ, నాటకం, వాలీబాల్ – ఎవరికి ఏది ఇష్టమైతే అది. పని కాని పని ఒకటి మనిషికి ఉండాలి.

అప్పును భార్య వద్ద దాచవద్దు. దాచిన అప్పు రెండు రెట్లు బరువు. నెల లెక్క ఇద్దరూ కూర్చుని వేసుకుంటే సగం భయం పోతుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది మాట్లాడటం. మగవాడు కష్టం చెప్పుకోరాదని మనకు చిన్ననాటి నుండి నేర్పారు. ఆ నేర్పు తప్పు. తోటి కార్మికుడు నాలుగు రోజులుగా ముభావంగా ఉంటే పక్కన కూర్చుని "ఏటి తమ్ముడూ, ఒంట్లో బాగోలేదేటి?" అని అడగండి. అడిగిన తరువాత సలహా చెప్పడానికి తొందరపడకండి. వినండి. చాలాసార్లు వినడమే మొదటి మందు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, బతకడం ఎందుకన్న మాట నోటి వెంట వచ్చినా వైద్యుని వద్దకు వెళ్ళడానికి సిగ్గుపడకూడదు. చక్కెర జబ్బుకు మందు వేసుకోవడంలో సిగ్గు లేనప్పుడు దీనికి మాత్రం ఎందుకు? ఉద్యోగులకు ప్లాంటు ఆసుపత్రి ఉన్నది. కాంట్రాక్టు కార్మికులు ఈఎస్ఐ కార్డు తమ హక్కుగా అడిగి తీసుకోవాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవకు 14416 నంబరుపై పగలైనా రాత్రయినా ఫోను చేయవచ్చు. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. 2022లో మన దేశంలో ఆత్మహత్యలకు బలియైన వారిలో నాలుగవ వంతుకు పైగా దినసరి కూలీలేనని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నవి. అందుచేత ఎవరైనా చావు మాట ఎత్తితే దానిని ఉత్త మాటగా కొట్టివేయవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. వెంట ఉండి సాయం దొరికే చోటికి తీసుకువెళ్ళండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలే కాని, సాధారణంగా అతనిని శిక్షించరాదు. కేసు అవుతుందన్న భయంతో వైద్యాన్ని ఆలస్యం చేయవద్దు.

సంఘం చేయవలసినవి

ఇక మన సంఘం మాట. యాజమాన్యాలు ఈ మధ్య ఒత్తిడి నివారణ పేరుతో ఉపన్యాసాలు, ధ్యాన శిబిరాలు ఏర్పాటు చేస్తున్నవి. అవి మంచివే, మేము వ్యతిరేకించడం లేదు. కాని డబుల్ డ్యూటీ చేయించి, మరునాడు ప్రశాంతంగా ఉండటం ఎలాగో ఉపన్యాసం వినిపించడం, తూటు పడిన కుండలో నీళ్ళు పోయడం వంటిది. ముందు తూటు పూడ్చాలి.

అధిక గంటల పని ఎంత ప్రమాదమో ఇప్పుడు లెక్కలున్నవి. వారానికి 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. జపానులో అధిక పనితో సంభవించే మరణానికి "కరోషి" అని ప్రత్యేకమైన పేరే ఉన్నది. 1988లో అక్కడి న్యాయవాదులు బాధిత కుటుంబాల కోసం టెలిఫోను సలహా కేంద్రం తెరిచారు. కుటుంబాలు ఏళ్ళ తరబడి పోరాడగా, 2014లో దాని నివారణకు చట్టం వచ్చింది. మరణానికి కారణం పనేనని పేరు పెట్టి చెప్పగలగడమే వారి మొదటి విజయం.

మన చట్టంలోనూ పట్టు దొరికే చోట్లు ఉన్నవి. 2025 నవంబరు 21 నుండి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చి, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానాన్ని కూడా ఆక్రమించాయి. ఆ కోడ్‌లపై కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలు వేరే సభలో చర్చించవలసినవి. అయితే రోజుకు ఎనిమిది గంటల పని, అదనపు పనికి కార్మికుని సమ్మతి, రెట్టింపు వేతనం, వారపు సెలవు, భద్రతా కమిటీలో కార్మికుల ప్రాతినిధ్యం, ప్రాణాపాయం ఉన్నదని తోచినప్పుడు యాజమాన్యానికీ తనిఖీ అధికారికీ తెలియజేసే హక్కు వాటిలోనూ ఉన్నవి. కాగితం మీది హక్కును షాపు ఫ్లోరుకు తీసుకురావడం మన పని.

మా శాఖలన్నిటి ముందు అయిదు పనులు ఉంచుతున్నాము.

ఒకటి, భద్రతా కమిటీ సమావేశాల చర్చనీయాంశాలలో పని ఒత్తిడిని చేర్పించాలి. ఎవరు ఎన్ని డబుల్ డ్యూటీలు చేశారు, ఎన్ని సెలవులు నిరాకరించారు, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నవి అనే లెక్క ప్రతి నెలా రాసి ముందు పెట్టాలి. లెక్క లేని ఫిర్యాదు గాలిలో కలిసిపోతుంది.

రెండు, షిఫ్టుల వరుస గురించి మాట్లాడాలి. ఉదయం నుండి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుండి రాత్రికి ముందుకు జరిగే వరుస శరీరానికి తేలిక. వెనుకకు జరిగే వరుస కష్టం. రెండు షిఫ్టుల మధ్య చాలినంత విశ్రాంతి ఉండాలి. షిఫ్టు పట్టికను ముందుగానే ప్రకటించాలి. ఇందుకు యాజమాన్యానికి అయ్యే ఖర్చు స్వల్పం, కార్మికునికి కలిగే మేలు అధికం.

మూడు, దుర్ఘటన జరిగిన ప్రతి చోట నష్టపరిహారంతో పాటు, కళ్ళారా చూసిన తోటి కార్మికులకు వైద్య సలహా, కొన్నాళ్ళు వేరే చోట పని అడగాలి.

నాలుగు, కాంట్రాక్టు కార్మికులను ఇందులో వెలుపల ఉంచరాదు. వారికి చల్లని తాగునీరు, విశ్రాంతి గది, సకాలంలో జీతం అందితే వారి చింతలో పెద్ద భాగం తీరుతుంది. సకాలంలో అందిన జీతాన్ని మించిన నిద్రమాత్ర లేదు.

అయిదు, ప్రతి శాఖలో ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులను, వారిలో ఒక మహిళను తప్పక, కష్టం వినడానికి నియమించాలి. వారు డాక్టర్లు కానక్కర లేదు. విన్నది బయట పెట్టనివారైతే చాలు. అప్పుల విషయంలో సహకార సంఘానికి, జబ్బు విషయంలో ఆసుపత్రికి, వేధింపు విషయంలో ఫిర్యాదు కమిటీకి దారి చూపగలవారైతే చాలు. మన తెలుగు కుటుంబాలకు ఇది మరీ అవసరం. ఎంత హిందీ వచ్చినా దుఃఖం తల్లి భాషలోనే బయటికి వస్తుంది.

మిత్రులారా, మనం తయారు చేసిన పట్టాల మీద దేశమంతా ప్రయాణిస్తున్నది. ఆ పట్టాకు ఎంత బరువు మోపవచ్చునో కొలతలున్నవి. కొలత దాటితే బండిని ఆపుతారు. మనిషికి మోపదగిన బరువుకు కూడా కొలత ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు, బలహీనతా కాదు. అది న్యాయం.

ఈ సభ నుండి ఇంటికి వెళ్ళిన తరువాత మీరు చేయవలసిన మొదటి పని చిన్నది. మీ షిఫ్టులో ఈ మధ్య నవ్వడం మానేసిన మనిషి ఎవరో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రేపు డ్యూటీలో అతని పక్కన కూర్చుని టీ తాగండి. మిగిలిన అయిదు పనులు సంఘం ద్వారా సాధించుకుందాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!